జమ వేరు, చెల్లు వేరు

మెదక్ పట్టణానికి దగ్గర్లో, పాపన్నపేట మండలం నాగ్సాన్‌పల్లి శివారులో మంజీర ఏడు పాయలుగా చీలి, వనదుర్గా భవాని గుడిని చుట్టి పారి, మళ్లీ ఒక్క నదిగా కలుస్తుంది. ఏడుపాయల అన్న పేరు అలా వచ్చిందే. మహాశివరాత్రికి అక్కడ జరిగే జాతరలో ఇప్పుడు కొబ్బరికాయల బండి మీద, గాజుల దుకాణం ముందు, పేలాల గంప పక్కన కూడా ఫోన్‌తో డబ్బు కట్టే క్యూఆర్ అట్ట కనిపిస్తుంది. పదీ ఇరవై రూపాయలు కూడా బ్యాంకు ఖాతాలోంచే పోతున్నాయి, బ్యాంకు ఖాతాలోకే వస్తున్నాయి. ఉపాధి హామీ కూలి, ఆసరా పింఛను, రైతుబంధు పేరుతో మొదలైన పెట్టుబడి సాయం, బీడీ కార్మికుల భవిష్యనిధి, ఇలా పల్లెలో ఇంటికి చేరే డబ్బులో ఎక్కువ భాగం ఆ పాసుబుక్కు దారినే వస్తుంది. ఆ దారిలో సన్నని పాయలు కొన్ని పక్కకు చీలుతుంటాయి. కనీస నిల్వ లేదని ఒకటి, ఎస్ఎంఎస్ రుసుమని ఒకటి, ఏటీఎం వాడకం లెక్క దాటిందని ఒకటి, కిస్తీ వెనక్కి పోయిందని మరొకటి. నది పాయలు తమంతట తాము నదిలో కలుస్తాయి. ఖాతాలోంచి చీలిపోయిన డబ్బు మాత్రం అడిగితే తప్ప చాలావరకు తిరిగి రాదు. అడిగినప్పుడు కూడా తరచుగా వచ్చే జవాబు ఒకటే: మొత్తం కుదరదు, కొంత తిరిగి వేస్తాం, ఇంతటితో ఫిర్యాదు ముగించండి. ఆ కొంత తీసుకోవాలా, వద్దా? చిన్న ప్రశ్నలా కనిపించే దీని వెనక చట్టం ఉంది, లెక్క ఉంది, సామాన్యుడి హక్కు ఉంది.

ఈ ప్రశ్నకు జవాబు మన పల్లెల్లో ఎప్పటినుంచో ఉన్న ఒక ఆచారంలోనే దొరుకుతుంది. ప్రామిసరీ నోటు మీద అప్పిచ్చినవాడికి బాకీదారు కొంత తెచ్చి ఇస్తే, నోటు వెనక తేదీ వేసి ఇంత ముట్టిందని జమ రాయించి సంతకం పెట్టిస్తారు. నోటు అప్పిచ్చినవాడి దగ్గరే ఉంటుంది, మిగిలిన బాకీ బతికే ఉంటుంది. 1963 నాటి కాలపరిమితి చట్టం కూడా గడువులోగా అలా రాతపూర్వకంగా జరిగిన చెల్లింపును గుర్తించి, ఆ తేదీ నుంచి కొత్తగా గడువు లెక్కిస్తుంది. మొత్తం ముట్టినప్పుడు, లేదా తక్కువ తీసుకుని వదిలేద్దామని మాట అనుకున్నప్పుడు మాత్రమే చెల్లుచీటీ రాసి నోటు తిరిగి ఇచ్చేస్తారు. కొంత ముట్టగానే నోటు చింపేవాడిని ఊళ్లో ఎవరూ తెలివైనవాడని అనరు. బ్యాంకు చార్జీల విషయంలోనూ పాటించాల్సింది ఇదే. కొంత సొమ్ము తీసుకోవడం ఒక పని, మిగిలినదానికి చెల్లు రాయడం ఇంకో పని. మొదటిదానికి సందేహించనక్కర్లేదు. రెండో పని మాత్రం, ఆ మొత్తం ఏ లెక్కన వచ్చిందో బ్యాంకు చెప్పాకనే చేయాలి.

ఇది చిల్లర విషయం కాదని అంకెలే చెబుతాయి. 2017 ఏప్రిల్ 1న స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ భారతీయ స్టేట్ బ్యాంకులో విలీనమైంది. నిజాం కాలంలో 1941లో పుట్టిన ఆ బ్యాంకు ఖాతాదారులు రాత్రికి రాత్రి కొత్త బ్యాంకు ఖాతాదారులయ్యారు. అదే నెలలో స్టేట్ బ్యాంకు, చాలా ఏళ్ల తర్వాత, కనీస నిల్వ జరిమానాను తిరిగి తెచ్చింది. పల్లె శాఖలో 1,000 రూపాయలు, చిన్న పట్టణంలో 2,000, నగరంలో 3,000, మహానగరంలో 5,000 నిల్వ ఉండాలన్నారు. ఆ ఏడాది ఏప్రిల్ నుంచి నవంబరు వరకు ఈ జరిమానాల కింద ఆ బ్యాంకుకు వచ్చింది 1,771 కోట్ల రూపాయలు. జులై-సెప్టెంబరు త్రైమాసికంలో దాని నికర లాభం 1,581 కోట్లే. విమర్శలు రావడంతో చార్జీలను రెండు విడతలుగా తగ్గించి, 2020 మార్చిలో కనీస నిల్వ నిబంధననే ఎత్తేసింది. 2023 ఆగస్టులో కేంద్రం రాజ్యసభకు చెప్పిన లెక్క ప్రకారం ప్రభుత్వ రంగ బ్యాంకులు, ఐదు పెద్ద ప్రైవేటు బ్యాంకులు కలిసి 2018 నుంచి కనీస నిల్వ జరిమానాల కింద 21,000 కోట్లకు పైగా, అదనపు ఏటీఎం లావాదేవీల మీద 8,000 కోట్లకు పైగా, ఎస్ఎంఎస్ చార్జీల కింద 6,000 కోట్లకు పైగా వసూలు చేశాయి. ఇవన్నీ పదులు, వందల రూపాయలుగా కోట్లాది ఖాతాల్లోంచి పోయిన డబ్బు. 2025 మధ్యలో కెనరా, పంజాబ్ నేషనల్, బ్యాంక్ ఆఫ్ బరోడా, ఇండియన్ బ్యాంకులు కూడా పొదుపు ఖాతాల కనీస నిల్వ జరిమానాను తీసేశాయి. అయితే ఆ రద్దు ముందు కాలానికే వర్తిస్తుంది. అప్పటిదాకా పట్టుకున్నదాన్ని అది తిరిగి ఇప్పించదు. అందుకే పాత చార్జీల గొడవ ఇంకా మిగిలి ఉంది.

కొంత తిరిగి ఇస్తామన్నప్పుడు మొదట చూడాల్సింది ఆ చార్జీ ఏ జాతిదన్నది. చార్జీలన్నీ ఒకటి కావు. కొన్ని అసలు పట్టకూడనివి. రిజర్వు బ్యాంకు 2014 నవంబరు 20న ఇచ్చిన, 2015 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఆదేశాల ప్రకారం కనీస నిల్వ తగ్గితే బ్యాంకు ముందుగా ఎస్ఎంఎస్, ఈమెయిల్ లేదా ఉత్తరం ద్వారా ఖాతాదారుకు తెలపాలి, సరిచేసుకోవడానికి నెల గడువివ్వాలి. జరిమానా ఎంత లోటు ఉందో దాని నిష్పత్తిలో ఉండాలి. వంద రూపాయలు తగ్గినవాడికీ వెయ్యి తగ్గినవాడికీ ఒకటే జరిమానా వేయకూడదు. ఈ జరిమానా కారణంగా ఖాతా సున్నా కిందికి, అంటే మైనస్‌లోకి పోకూడదు. జన్‌ధన్ వంటి ప్రాథమిక పొదుపు ఖాతాలకైతే కనీస నిల్వ అన్న మాటే లేదు. వాడకం లేక నిద్రాణమైన ఖాతాల్లో కనీస నిల్వ జరిమానా వేయకూడదని 2024 ఏప్రిల్ 1 నుంచి నిబంధన ఉంది. ఈ గీతలు దాటి పట్టిన చార్జీ పూర్తిగా తిరిగి రావాల్సిన సొమ్ము. ఇక రెండో జాతి, నిబంధన ప్రకారమే పట్టినా ఖాతాదారుకు భారమైనవి. ముందే చెప్పి, గడువిచ్చి, లోటును బట్టి వేసిన జరిమానాను తిరిగి అడిగే హక్కు మనకు లేదు. బ్యాంకు ఇస్తే అది దాని మంచితనం. మూడో జాతి ఈ రెండూ కలిసిపోయినది. చాలా ఖాతాల్లో ఉండేది ఈ మూడోదే, చిక్కంతా అక్కడే.

ఒక లెక్క వేసి చూద్దాం. పది నెలల పాటు నెలకు 100 రూపాయల జరిమానా, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపి 118 చొప్పున ఒక ఖాతాలోంచి 1,180 రూపాయలు పోయాయనుకుందాం. ఫిర్యాదు చేస్తే బ్యాంకు సగం, అంటే 590 ఇస్తానంది. ఆ పది నెలల్లో మొదటి ఆరు నెలలు బ్యాంకు ఎలాంటి ముందస్తు సమాచారం ఇవ్వలేదని తేలితే, నిబంధన ప్రకారం తిరిగి రావాల్సింది 708. సగానికి ఒప్పుకున్న ఖాతాదారు 118 రూపాయల హక్కును వదులుకున్నట్టే. అదే, సమాచారం లేకుండా పట్టింది మూడు నెలలే అయితే రావాల్సింది 354. అప్పుడు 590 ఇస్తామనడం హక్కు కంటే 236 ఎక్కువ. సంతోషంగా తీసుకుని చెల్లు రాసివ్వవచ్చు. అదే బ్యాంకు, అదే ఖాతా, అదే 590. ఒకచోట నష్టం, ఇంకోచోట లాభం. కాబట్టి సగం మంచిదా చెడ్డదా అని సగాన్ని మాత్రమే చూసి చెప్పలేం. పాసుబుక్కు నింపించుకుని, లేదా స్టేట్‌మెంట్ తీసుకుని, ఏ తేదీన ఏ పేరుతో ఎంత పోయిందో వరుసగా రాసుకుంటేనే తెలుస్తుంది. ఇంకో మాట. చార్జీ 15 రూపాయలైతే ఖాతాలోంచి పోయేది జీఎస్టీతో కలిపి 17.70. తిరిగి వచ్చినప్పుడు 15 మాత్రమే వస్తే మిగిలిన పన్ను సంగతి కూడా అడగాలి.

ఈ 17.70 అన్న అంకె ఊరికే చెప్పింది కాదు. కొంత తిరిగి ఇవ్వడం దేశమంతటా ఒకేసారి జరిగిన ఉదాహరణ దాని చుట్టూనే ఉంది. ప్రాథమిక పొదుపు ఖాతాల్లో నెలకు నాలుగు లావాదేవీలు దాటితే స్టేట్ బ్యాంకు ఒక్కోదానికి 17.70 రూపాయల చొప్పున పట్టుకునేది. యూపీఐ, రూపే కార్డు చెల్లింపులనూ ఆ లెక్కలోనే కలిపేది. జాతరలో పది రూపాయల పేలాలు కొని ఫోన్‌తో కడితే, అది నెలలో ఐదోది అయితే, సరుకు కంటే చార్జీ ఎక్కువన్నమాట. 2020 ఆగస్టు 30న కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు, నిర్దేశించిన డిజిటల్ చెల్లింపుల మీద ఆ ఏడాది జనవరి 1 నుంచి పట్టిన చార్జీలను తిరిగి ఇచ్చేయాలని బ్యాంకులకు చెప్పింది. స్టేట్ బ్యాంకు ఆ జనవరి 1 నుంచి పట్టినవాటిని తిరిగి జమ చేసింది. అంతకు ముందువి ఇవ్వలేదు. ముంబై ఐఐటీ ప్రొఫెసర్ ఆశిష్ దాస్ 2021 నవంబరులో వెలువరించిన నివేదిక ప్రకారం 2017 ఏప్రిల్ నుంచి 2020 సెప్టెంబరు వరకు డిజిటల్ చెల్లింపుల మీద ఇలా వసూలైంది 254 కోట్లకు పైగా. ఖాతాదారులకు తిరిగి చేరింది 90 కోట్లు, అప్పటికి ఇంకా 164 కోట్లు రావాల్సి ఉంది. బ్యాంకు దీన్ని ఒప్పుకోలేదు. 2016 జూన్ నుంచి ఖాతాదారులకు ముందే చెప్పి, నిబంధనల ప్రకారమే చార్జీలు తీసుకున్నామని, ప్రభుత్వం చెప్పిన తేదీ నుంచి వసూలైనదంతా తిరిగి ఇచ్చేశామని వివరణ ఇచ్చింది.

ఎవరి వాదన సరైందన్నది పక్కన పెట్టినా, ఈ ఉదంతం ఒక సంగతి స్పష్టంగా చూపుతుంది. అక్కడ తిరిగి వచ్చిన సొమ్ముకూ రాని సొమ్ముకూ మధ్య గీత గీసింది ఒక తేదీ. డిసెంబరు 31న పట్టిన 17.70, జనవరి 1న పట్టిన 17.70 ఖాతాదారుకు ఒకే బాధ. కానీ ఒకటి వచ్చింది, ఒకటి రాలేదు. అంటే బ్యాంకు కొంత ఇచ్చిందంటే దాని వెనక ఎప్పుడూ ఏదో ఒక గీత ఉంటుంది. తేదీయో, శాఖాధికారి ఎంతవరకు మాఫీ చేయగలరన్న పరిమితో, సగం ఇస్తే ఊరుకుంటారన్న అంచనాయో. ఆ గీత ఏమిటో తెలియకుండా, మిగిలింది రాదని మనమే తీర్పు చెప్పుకోకూడదు. జన్‌ధన్ ఖాతాదారులు ఎవరూ చెల్లుచీటీ రాయలేదు. సొమ్ము తనంతట ఖాతాలో పడింది. అందుకే ఆ తర్వాత కూడా మిగతాదాని గురించి దేశంలో ప్రశ్న వేయడానికి వీలు మిగిలింది.

మనం చెల్లు రాస్తే ఏమవుతుంది? ఇక్కడ మన చట్టం చాలామంది అనుకునే దానికంటే గట్టిది. 1872 నాటి భారత ఒప్పందాల చట్టం 63వ సెక్షను ప్రకారం రావాల్సినవాడు తక్కువ తీసుకుని మిగిలింది వదిలేయవచ్చు. 5,000 రావాల్సినవాడు మొత్తానికి సరిపెట్టుకుంటానని 2,000 తీసుకుంటే బాకీ అంతా తీరిపోయినట్టేనని ఆ సెక్షను కింద ఉదాహరణే ఇచ్చారు. ఇంగ్లండు పాత న్యాయం ఇందుకు భిన్నం. అక్కడ బదులుగా మరేమీ ఇవ్వకుండా తక్కువ చెల్లిస్తే పెద్ద బాకీ తీరదు. మనకు ఆ రక్షణ లేదు. 2006లో భగవతీ ప్రసాద్ పవన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ముందుకు ఇలాంటి విషయమే వచ్చింది. రైల్వేవారు తుది పరిష్కారంగా చెక్కులు పంపి, ఇష్టం లేకపోతే వెంటనే తిప్పి పంపండి, లేకపోతే ఒప్పుకున్నట్టేనని రాశారు. వ్యాపారి చెక్కు మార్చుకున్నాడు. మార్చుకోకముందే అభ్యంతరం తెలిపి ఉంటే సంగతి వేరుగా ఉండేది, ముందు డబ్బు తీసుకుని తర్వాత కాదనడం చెల్లదని కోర్టు తేల్చింది. దీనికి ఇంకో పక్క 1999 నాటి అజ్మీర్ సింగ్ కాటన్ మిల్స్ తీర్పు ఉంది. అది బీమా సొమ్ము గొడవ. మోసంతోనో, అనుచిత ఒత్తిడితోనో, తప్పుడు మాటలతోనో రాయించుకున్న చెల్లుచీటీ వినియోగదారుడి హక్కును చంపలేదని అందులో చెప్పారు. అయితే ఒత్తిడి జరిగిందని రుజువు చేయాల్సిన బరువు మన మీదే పడుతుంది. వెయ్యి రూపాయల కోసం ఆ బరువు ఎవరు మోస్తారు? కాబట్టి సంతకానికి ముందే జాగ్రత్త పడటం తేలిక.

రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ పథకాన్ని, అంటే బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే అధికారికి సంబంధించిన నియమాలను, చదివినా ఇదే తేడా కనిపిస్తుంది. 2021 నవంబరు 12న మొదలైన సమీకృత అంబుడ్స్‌మన్ పథకం ప్రకారం ముందుగా బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, ఫిర్యాదును బ్యాంకు పూర్తిగా గానీ కొంతవరకు గానీ తోసిపుచ్చినా, ఖాతాదారు తృప్తి చెందకపోతే పథకం చెప్పే గడువులోగా అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు. కొంతవరకు అన్న ఆ మాట చాలా ముఖ్యం. సగం తిరిగి ఇవ్వడమంటే మిగిలిన సగాన్ని తోసిపుచ్చడమే. అంటే సగం వచ్చినంత మాత్రాన తలుపు మూసుకోదు. ఆ తలుపు మూసేది మన అంగీకారం. పరిష్కారం తృప్తికరంగా ఉందని ఫిర్యాదుదారు రాతపూర్వకంగా గానీ మరో విధంగా గానీ ఒప్పుకుంటే ఫిర్యాదు పరిష్కారమైనట్టే లెక్క అని అదే పథకం చెబుతుంది. ఫోన్‌లో సరే అన్న మాట రికార్డయినా చాలు. అంతెందుకు, అంబుడ్స్‌మన్ స్వయంగా ఇచ్చిన అవార్డు కూడా, పూర్తి తుది పరిష్కారంగా ఒప్పుకుంటున్నానని ఖాతాదారు 30 రోజుల్లో అంగీకార పత్రం ఇవ్వకపోతే రద్దవుతుంది. పైనున్న అధికారే మన అంగీకారం లేకుండా ముగింపు పలకలేనప్పుడు, కౌంటరు దగ్గర ఆ అంగీకారాన్ని ఆలోచించకుండా ఎందుకు ఇచ్చేయాలి? ఫిర్యాదును పూర్తిగా గానీ కొంత గానీ తోసిపుచ్చే ముందు దాన్ని తమ అంతర్గత అంబుడ్స్‌మన్‌కు చూపాలన్న నియమం కూడా పెద్ద వాణిజ్య బ్యాంకులకు ఉంది. ఆ దశ దాటిందా అని అడగడం మన హక్కు.

దీనికి వచ్చే అభ్యంతరాల్లో అన్నిటికంటే బలమైనది బ్రిటన్ అనుభవం. అక్కడ 2006, 2007 సంవత్సరాల్లో ఖాతాలో ఉన్నదానికి మించి వాడినందుకు వేసిన చార్జీలను తిరిగి ఇవ్వాలని లక్షలాది ఖాతాదారులు బ్యాంకులను అడిగారు. చాలా బ్యాంకులు కోర్టుకు వెళ్లకుండా సద్భావం పేరుతో కొంతో మొత్తమో ఇచ్చి రాజీపడ్డాయి. 2007 జులైలో వ్యవహారం పరీక్షా కేసుగా పై కోర్టులకు వెళ్లింది, మిగతా కేసులన్నీ ఆగిపోయాయి. 2009 నవంబరు 25న ఆ దేశ సుప్రీంకోర్టు బ్యాంకుల పక్షాన తీర్పు చెప్పింది. ఆ చార్జీలు న్యాయమైన మొత్తాలా కావా అని వినియోగదారు ఒప్పంద నిబంధనల కింద తేల్చే వీలు లేదంది. అంతకు ముందు కొంతకు ఒప్పుకున్నవారికి ఆ కొంత దక్కింది. మొత్తం కోసం ఆగినవారిలో చాలామందికి ఏమీ దక్కలేదు. మరి సగానికి ఒప్పుకోవడమే తెలివి కాదా? ఆ పరిస్థితిలో అవును. ఎందుకంటే అక్కడ హక్కు ఉందో లేదో ఎవరికీ తెలియదు. చార్జీ ఎక్కువగా ఉందన్నదే వాదన. అలాంటి సందేహపు హక్కుకు సగం దొరికితే అది మంచి బేరమే. మన నిబంధనల ఉల్లంఘన అలాంటిది కాదు. ముందే సమాచారం ఇచ్చారా లేదా, ఖాతా మైనస్‌లోకి పోయిందా లేదా, ఇవి కాగితం మీద తేలే విషయాలు. మన అంబుడ్స్‌మన్ పథకం కూడా బ్యాంకు వ్యాపార నిర్ణయాల జోలికి పోదు. జరిమానా ఇంత ఎక్కువ పెట్టడం అన్యాయం అంటే అక్కడ చెల్లకపోవచ్చు. జరిమానా వేసే ముందు నెల గడువు ఇవ్వలేదు అంటే చెల్లుతుంది. బ్రిటన్ పాఠం మన మాటను కొట్టివేయదు. హక్కు ఎంత గట్టిదో చూసి రాజీ విలువ కట్టమంటుంది.

రెండో అభ్యంతరం కూలి జనానిది, అది పూర్తిగా న్యాయమైనది. ఐదారు వందల కోసం ఒక రోజు పని మానుకుని మెదక్ పోయి, బస్సు చార్జీలు పెట్టుకుని, వరుసలో నిలబడి, రేపు రమ్మంటే మళ్లీ పోవడం ఎవరికి గిట్టుతుంది? నిజమే, శాఖ చుట్టూ నాలుగుసార్లు తిరగాల్సి వస్తే వచ్చింది తీసుకుని ఊరుకోవడమే లాభం. అలా ఊరుకున్నవారిని తప్పు పట్టకూడదు. కానీ తిరగకుండా చేసే దారి ఉందని తెలియకపోవడం వల్ల ఊరుకుంటే అది వేరు. బ్యాంకుకు ఒక్క రాతపూర్వక ఫిర్యాదు చాలు, దాని నంబరో, మోహరు వేసిన నకలో దగ్గర ఉంచుకోవాలి. తర్వాతి మెట్టుకు 14448 నంబరుకు ఫోన్ చేస్తే తెలుగులోనూ దారి చెబుతారు. ఫిర్యాదు ఆన్‌లైన్‌లో గానీ చండీగఢ్‌లోని రిజర్వు బ్యాంకు కేంద్రానికి పోస్టులో గానీ పంపవచ్చు. రుసుము లేదు, వకీలు అక్కర్లేదు. చదువు రానివారి తరఫున వకీలు కాని మరొకరు అధికార పత్రంతో వేయవచ్చు. ప్రతి ఊళ్లో మహిళా సంఘాలున్నాయి, వాటికి లెక్కలు రాసే అలవాటుంది. నెల సమావేశంలో పది పాసుబుక్కులు ముందు పెట్టుకుని చార్జీల వరుస చూస్తే, ఒక్కరికి గిట్టని పని పదిమందికి గిడుతుంది. ఒకే తప్పు పదిమంది ఖాతాల్లో కనిపిస్తే ఆ ఫిర్యాదుకు బలమూ వస్తుంది.

మూడో అభ్యంతరం పైకి ఎవరూ అనరు, మనసులో మాత్రం ఉంటుంది. పంట రుణం ఇచ్చేది, రెన్యువల్ చేసేది అదే శాఖ మేనేజరు, ఆయనతో ఎందుకు తగవు? ఈ భయం తీరాలంటే చార్జీ ఎవరు వేస్తారో తెలియాలి. శాఖలో కూర్చున్నవారెవరూ చేత్తో వేయరు. ప్రధాన కార్యాలయం పెట్టిన నియమాన్ని కంప్యూటరు వ్యవస్థ నెలాఖరున అన్ని ఖాతాల మీదా ఒకేసారి నడిపిస్తుంది. తిరిగి వేసే అధికారం శాఖకు కొంతవరకే ఉంటుంది. కాబట్టి మేనేజరు కొంత ఇస్తానన్నారంటే చాలాసార్లు అది ఆయన చేయగలిగినంత మేలు. దాన్ని గౌరవంగానే తీసుకోవాలి. సార్, మీ చేతిలో ఉన్నంత చేశారు, మిగిలినదానికి పై ఆఫీసుకు రాస్తున్నాను అనడం తగవు కాదు, ఆయన మీద ఫిర్యాదూ కాదు. నోటు వెనక జమ రాయించుకున్నంత మాత్రాన బాకీదారుతో పగ పెట్టుకున్నట్టు ఎవరూ అనుకోరు కదా.

బ్యాంకుల పక్షాన కూడా ఒక మాట ఉంది. శాఖలు, ఏటీఎంలు, కంప్యూటర్లు ఉచితంగా నడవవు. 50 కోట్లు దాటిన జన్‌ధన్ ఖాతాలను నిలబెట్టే ఖర్చు ఎక్కడినుంచో రావాలి. చార్జీలన్నీ తిరిగి అడిగితే ఆ భారం చివరికి అందరి మీదా పడుతుంది. ఈ వాదనలో నిజముంది. అందుకే ఇక్కడ చెబుతున్నది అన్నీ తిరిగి అడగమని కాదు. నియమం ప్రకారం వేసిన జరిమానా కట్టాల్సిందే. దాన్ని బ్యాంకు దయతో సగం తగ్గిస్తే కృతజ్ఞత చెప్పి ముగించాల్సిందే. కానీ నియమం తప్పి పట్టిన డబ్బు బ్యాంకు ఆదాయం కాదు, ఖాతాదారు సొమ్ము. ఒప్పందాల చట్టం 72వ సెక్షను కూడా పొరపాటున చెల్లించిన సొమ్మును తీసుకున్నవాడు తిరిగి ఇవ్వాలంటుంది. కంప్యూటరు చేసిన తప్పు ఒక్క ఖాతాలో ఆగదు, ఒకే రకమైన ఖాతాలన్నిటిలోనూ జరుగుతుంది. అడిగినవాడికి సగం ఇచ్చి, అడగనివాడికి ఏమీ ఇవ్వకుండా ముగిస్తే ఆ తప్పును సరిదిద్దే అవసరం బ్యాంకుకు ఎప్పటికీ రాదు. సగానికి చెల్లు రాసిన ప్రతి సంతకం ఆ తప్పును ఇంకొంత కాలం బతికిస్తుంది.

ఇక బ్యాంకు గట్టిగా పట్టుపట్టి, ఇంతటితో ముగిస్తున్నానని సంతకం పెడితేనే ఇస్తామంటే? అప్పుడు మధ్యదారి లేదు. 2006 తీర్పు ప్రకారం షరతుతో ఇచ్చిన సొమ్మును తీసుకుని షరతును వదిలేయలేం. అక్కడ ముందు చెప్పిన లెక్కే దారి చూపుతుంది. నియమం తప్పినందువల్ల రావాల్సిన మొత్తం బ్యాంకు ఇస్తానన్నదానికంటే స్పష్టంగా ఎక్కువైతే, సంతకం పెట్టకుండా అంబుడ్స్‌మన్‌కు రాయాలి. అక్కడికి పోవడానికి ఖర్చు లేదు గనుక కోల్పోయేది తక్కువ. తేడా కొద్దిపాటిదైతే, లేదా మన హక్కు సందేహంలో ఉంటే, సంతకం పెట్టి తీసుకోవడంలో తప్పు లేదు. ఏటీఎంలో నోట్లు రాకుండా ఖాతాలో తగ్గిపోయిన సందర్భాన్ని మాత్రం వేరుగా చూడాలి. ఐదు రోజుల్లోగా ఆ సొమ్ము వెనక్కి రాకపోతే ఆ తర్వాత రోజుకు 100 రూపాయల చొప్పున, అడగకపోయినా, పరిహారం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరు 20 ఆదేశం. ఇరవై రోజుల తర్వాత అసలు మాత్రమే వస్తే అది సగం పరిష్కారమే. అసలు వచ్చిందన్న సంతోషంలో పరిహారం మరిచిపోకూడదు. లోక్ అదాలత్‌లో రాజీపడే ముందు మరీ ఆలోచించాలి. అక్కడి అవార్డు మీద అప్పీలు లేదు.

బ్యాంకు షరతేమీ పెట్టకుండా కొంత ఇస్తానన్నప్పుడు, వీలైతే డబ్బు పడకముందే, తనంతట ఖాతాలో పడితే వెంటనే, మూడు వాక్యాలు రాసి ఇస్తే చాలు. మీరు ఇస్తున్న ఈ మొత్తాన్ని నాకు రావాల్సినదానిలో భాగంగా మాత్రమే తీసుకుంటున్నాను. మిగిలిన మొత్తం మీద హక్కును వదులుకోవడం లేదు. ఏ నెల చార్జీని ఎందుకు తిరిగి ఇచ్చారో, దేన్ని ఎందుకు ఇవ్వలేదో లెక్క రాసి తెలపండి. తెలుగులో, చేతిరాతతో, తేదీ వేసి ఇవ్వవచ్చు. ఏడుపాయలకు దగ్గర్లోనే 1905లో కట్టిన ఘనపురం ఆనకట్ట ఉంది. దాని కింద మహబూబ్ నహర్, ఫతే నహర్ కాల్వల రైతులు ఎగువన సింగూరు నుంచి వదిలే నీటి మీద ఆధారపడతారు. తమ వంతులో కొంతే వదిలితే ఆ కొంతతో పొలం తడుపుకుంటారు. నీళ్లు తక్కువని కాల్వకు అడ్డం కట్టుకోరు, వచ్చాయి కదా అని మిగతా వంతును మాఫీ చేయరు. ఖాతాలోంచి పోయిన డబ్బు విషయంలోనూ అదే పట్టుదల కావాలి. ఈ వారం పాసుబుక్కు ఒకసారి నింపించుకుని చూడండి. చార్జీల వరుస కనిపిస్తే లెక్క అడగండి. ఇచ్చింది తీసుకుని జమ రాసుకోండి. చెల్లు మాత్రం లెక్క తేలాకే రాయండి.